బ్రహ్మజాతి కోడిపిల్లలు: రంగు, స్వభావము

బ్రహ్మ అను పేరు వినగానే శ్రోతలలో పలువురకు నాలుగు మోముల దేవుడు తలపునకు వచ్చుట సహజము. కాని యీ కోడికిని ఆ దేవునికిని నేరుగా సంబంధము లేదు. పేరు బ్రహ్మపుత్రానదిది. అదియైనను పుట్టిన చోటును బట్టి పెట్టినది కాదు. 1840 తరువాతి సంవత్సరములలో చైనాలోని షాంఘై రేవునుండి ఓడలలో అమెరికా చేరిన భారీ కోళ్ళకును, నేటి బంగ్లాదేశములోని చిట్టగాంగు వైపునుండి వచ్చిన బూడిదరంగు కోళ్ళకును కలిగిన సంతతి యిది యని జాతిచరిత్రలు వ్రాసినవారి అభిప్రాయము. మొదట దీనిని అమ్మినవారు తలకొక పేరు పెట్టి అమ్ముకొనిరి. ఆ గందరగోళము పడలేక 1852లో బోస్టను ప్రదర్శనలోని న్యాయనిర్ణేతలు ‘బ్రహ్మపుత్ర’ యను పేరును స్థిరపరచిరి. కాలక్రమమున పుత్రుడు జారిపోయి బ్రహ్మ మాత్రము మిగిలెను.

ఆ యేడు డిసెంబరులోనే జార్జి బర్నహాం అను అమెరికా వ్యాపారి తొమ్మిది కోళ్ళను ఇంగ్లండులోని విక్టోరియా రాణికి కానుకగా పంపెను. రాణిగారి కోళ్ళగూటిలో చోటు దొరకిన పక్షికి బయట గిరాకి యెంత పెరిగినదో వేఱుగ చెప్పనక్కరలేదు. ఆ నాళ్ళలో కోళ్ళకై జనులకు పుట్టిన వెఱ్ఱిని గూర్చి బర్నహామే 1855లో ‘కోళ్ళ జ్వరపు చరిత్ర’ యను అర్థము వచ్చు పేరుతో ఒక పుస్తకము వ్రాసెను. జ్వరమును అంటించినవారిలో తానొకడై యుండి, దాని చరిత్రను తానే వ్రాసి అమ్ముకొన్న ఘనుడాతడు.

ఇంతటి ఆదరమునకు మూలము దాని దేహము. అమెరికా ప్రమాణ గ్రంథము ప్రకారము తెల్ల బ్రహ్మ పుంజు తూకము 12 పౌనులు, అనగా దాదాపు 5 కిలోల 400 గ్రాములు. పెట్ట తొమ్మిదిన్నర పౌనులు. తలపై నిలువుగా లేచు జుట్టునకు మారుగా మూడు వరుసల చిన్న బొడిపెలు, కన్నులపై చూరువలె ముందునకు వచ్చిన కనుబొమ్మ, కాళ్ళ వెలుపలి వైపునను వ్రేళ్ళమీదను దట్టముగా ఈకలు, ఇవి దాని గుర్తులు. పంతొమ్మిదవ శతాబ్దము నడుమనుండి 1930 ప్రాంతము వఱకు అమెరికాలో మాంసమునకై పెంచిన ముఖ్యజాతులలో ఇది యొకటి. నేటి బ్రాయిలరు కోడి ఆఱు వారములలోనే రెండు కిలోలు దాటుచున్నది. బ్రహ్మకు నిండు దేహము రావలెనన్న ఏడాదికి పైగా పట్టును. కావున వ్యాపారపు లెక్కలలో దీనికి చోటు పోయినది. ఇప్పుడిది వేడుకకై పెంచువారి పక్షి. మన దేశమునందును కొందఱు ఔత్సాహికులు దీనిని తెచ్చి పెంచుచున్నారు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఇరువది పిల్లలు పొదిగినవనుకొందము. అందులో ఇంచుమించు సగము పుంజులే యగును. గూటిలో శాశ్వతముగా చోటున్నది ఏ అయిదాఱింటికో. తక్కినవి అమ్మకమునకో, పొయ్యిమీదికో పోవలసినవే. ఏవి యుండవలె, ఏవి పోవలె ననుదానిని ఎప్పుడు తేల్చవలెను? మన నాటుకోళ్ళను చూచిన కన్నుతో చూచి రెండు మాసములకే తేల్చినచో, ఈ జాతిలో మంచి పక్షులే ముందుగా పోవు ప్రమాదమున్నది. ఏలనన, బ్రహ్మపిల్ల యొక్క రంగు గాని, గుణము గాని ఒక్కసారిగా బయటపడవు. మెట్టుమెట్టుగా వచ్చును, ఒక్కొక్క మెట్టు తరువాతి మెట్టును మఱుగుపఱచును.

ముందుగా రంగుల మాట. ప్రధానముగా మూడు రంగులు కలవు. తెల్ల బ్రహ్మకు ఒడలంతయు తెలుపు. మెడ ఈకల నడుమ నల్లని చాఱ, తోక నలుపు, రెక్కలు విప్పినప్పుడు మాత్రము కనబడు నలుపు. పసిడి బ్రహ్మకు ఈ తెలుపున్నచోట్ల నెల్ల బంగారు వన్నె. నల్ల బ్రహ్మలో ఆలుమగల వేషములే వేఱు. పుంజునకు ఎదయు పొట్టయు నల్లగా నుండి, మెడపైనను నడుముపైనను వెండివంటి ఈకలు జాలువాఱును. పెట్టకు ప్రతి ఈకపైనను బూడిదరంగు నేలమీద ఈక అంచునకు సరిగా పలుచని నల్లగీతలు, ఒకదానిలో నొకటిగా, పెన్సిలుతో గీచినట్లుండును. తెలుపు, నలుపు రకములు 1874లో అమెరికా ప్రమాణ గ్రంథమున కెక్కినవి. పసిడి రకము 1924లో ఎక్కెను.

మన కోస్తా జిల్లాల పల్లెలలో కోడిపుంజుల రంగులకు కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల యని పేర్లున్న సంగతి శ్రోతలెఱుగుదురు. ఆ పేర్లు ఎదిగిన పుంజును చూచి పెట్టునవి. బ్రహ్మపిల్లలకును అంతే. గుడ్డునుండి వచ్చిన దినమున తెల్ల బ్రహ్మపిల్ల తెల్లగా నుండదు. వెన్నవంటి లేత పసుపు నూగుతో నుండును, కొన్నింటికి వీపున పొగచూరినట్లు మసక. పసిడి పిల్ల నూగు ఇంకొంచెము పండిన వన్నె. నల్ల బ్రహ్మపిల్ల నిజమునకు నల్లనిదే కాదు. బూడిదయు గోధుమయు కలిసి, వీపుమీద ఉడుతకు వలె చాఱలు కలది. ఆనాడే నమ్మకముగా చూడదగినవి రెండే. ఒకటి కాలి వెలుపలి నూగు. అది వ్రేళ్ళవఱకు పాకియుండవలెను. రెండవది తలపై మూడు వరుసల జుట్టు. సన్నని గీతలవలెనైనను వ్రేలితో తడిమినచో తెలియును. ఈ జుట్టునకు కారణమేమో 2009లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి: సాక్స్ 5 అను జన్యువులోని ఒక భాగము పదే పదే పునరావృత మగుటయే. మన అసీలు పందెపుకోడికిని ఇట్టి జుట్టే యున్నది.

కాళ్ళ పసుపు వెనుక మఱియొక చిత్రమున్నది. పెంపుడు కోళ్ళకు మూలపురుషుడు ఎఱ్ఱ అడవికోడి యని చిరకాలముగా చెప్పుచున్నారు. కాని పసుపుకాళ్ళనిచ్చు జన్యువు దానిది కాదనియు, దక్షిణ భారతపు అడవులలో తిరుగు బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదనియు 2008లో తేలినది. బ్రహ్మపుత్రతో చుట్టరికము పేరునకే కావచ్చును గాని, దక్షిణదేశముతో రక్తసంబంధము మాత్రము నిక్కమే యన్నమాట.

ఇక నూగు పోయి ఈకలు వచ్చుట. మొదట రెక్కల కొనలందును, పిదప తోకయందును, భుజములందును, ఎదకు ఇరుప్రక్కలను ఈకలు పొడుచును. వీపును తలయు కడపటివి. తేలిక జాతులలో ఈ పని చకచక సాగును. బ్రహ్మవంటి భారీ జాతులలో ఆలస్యము. నాలుగైదు వారముల పిల్ల, అందునను పోతుపిల్ల, బోడి వీపుతో, పొడవైన కాళ్ళతో, అక్కడక్కడ నూగు ప్రేలికలతో చూచుటకు జాలిగొలుపు రూపమున నుండును. దీనిని రోగమని భ్రమపడి మందులు పోయువారున్నారు. అది రోగము కాదు. దానికి వలసినది వెచ్చదనము. మొదటి వారమున పిల్లలుండు చోట 35 డిగ్రీల సెల్సియస్ వేడిమి యుండి, వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గింపవలెనని నియమము. మన వేసవి పగళ్ళలో దీపమే అక్కరలేదు. ఉష్ణమాపకముకంటె పిల్లలే బాగుగా చెప్పును: ఒకదానిపై నొకటి పడి గుంపుగూడి కీచుమనుచున్నచో చలి, రెక్కలు విప్పి ముక్కు తెఱచి దూరదూరముగా పరుండినచో వేడి ఎక్కువ.

ఈ వయసుననే కాళ్ళ ఈకలతో ఒక చిక్కు వచ్చును. క్రొత్తగా పొడుచు ఈక కాడలో రక్తము నిండియుండును. ఇఱుకుచోట ఒకదాని కాలిని మఱియొకటి త్రొక్కి కాడ విఱిగినచో రక్తము చిమ్మును. ఎఱ్ఱని చుక్క కనబడగానే తక్కిన పిల్లలన్నియు దానినే పొడుచును; ఒక్క పూటలో ప్రాణము పోవచ్చును. గాయపడినదానిని వెంటనే వేఱుచేయుట, చోటు విశాలముగా నుంచుట, క్రింది పొట్టు పొడిగా నుంచుట, ఇంతకు మించిన వైద్యము లేదు.

ఆఱు వారములు దాటుసరికి మొదటి ఈకల దుస్తు పూర్తియగును. ఇంతలోనే కొనుగోలుదారులు వచ్చి, వీపున నల్ల మచ్చలున్న తెల్ల బ్రహ్మపిల్లలను ‘మచ్చ పడినవి’ యని త్రోసిపుచ్చుట కలదు. ఇది తొందరపాటు. ఆ దుస్తు శాశ్వతమైనది కాదు. నిండు పక్షి యగులోపల పిల్ల ఈకలను ఒకటికి రెండు మూడు మారులు మార్చుకొనును. మొదటి ఈకలలో కనబడు నల్ల చుక్కలు పలు పిల్లలలో తరువాతి ఈకలలో తొలగిపోవును. అనుభవముగల పెంపకందారులు మచ్చను చూచి ఊరకొనరు. వీపుమీది ఈకను ఎత్తి అడుగున చూతురు. పై తెలుపు క్రింద పలకరంగు నీడయున్న పక్షి మెడయందును తోకయందును మంచి నలుపు వచ్చునని వారి నమ్మకము. అడుగువఱకు పాలవలె తెల్లనైన పిల్ల చిన్ననాట ముద్దుగా నుండి, పెద్దయైన పిదప మెడచాఱలు వెలిసినట్లుండుట వారికి పరిచితమే. అందగత్తె యనుకొని ఉంచుకొన్నది వెలవెలబోవును. మచ్చలదని పంపివేసినది పొరుగూరి గూటిలో మెఱయును.

నల్ల బ్రహ్మలో తమాషా ఇంకను ఎక్కువ. మొదటి ఈకలలో పోతుపిల్లయు తల్లి చీరనే కట్టుకొని వచ్చును. గీతలు, బూడిదరంగు అన్నియు పెట్టపిల్లవే యనిపించును. వారములు గడచినకొలది ఎదమీద ఒక్కటొక్కటిగా నల్ల ఈకలు తలయెత్తును. మూడు నాలుగు మాసముల నడుమ మెడయందును నడుముపైనను మొనదేలిన వెండి ఈకలు వచ్చును. ఈ మొనదేలిన ఈకయే పుంజునకు ఖాయమైన గుర్తు. పెట్టకు ఆ చోట ఈక కొన గుండ్రముగానే యుండును. ఇందులో మనమూహించుదానికి విరుద్ధమైన శాస్త్రసత్య మొకటి కలదు. కోళ్ళలో పుంజు సొగసు అదనముగా వచ్చునది కాదు. పెట్ట అండాశయమునుండి స్రవించు రసము దానిని ఆపి యుంచుచున్నది. అండాశయము తొలగించిన పెట్టకు తరువాతి ఈకలు పుంజు ఈకలవలె వచ్చును.

పుట్టిన నాడే పెట్టలనో పుంజులనో తెలిసికొనవలెనను ఆతురత గలవారికి బ్రహ్మలలో ఒక ఉపాయము లేకపోలేదు. పసిడి పుంజును తెల్ల పెట్టతో జతపఱచినచో, పుట్టిన పిల్లలలో మగవి తల్లి వెండి వన్నెను, ఆడవి తండ్రి బంగారు వన్నెను పొందును. పక్షులలో ఈ వర్ణబీజము లింగమును నిర్ణయించు క్రోమోసోముపైననే యుండుట దీనికి కారణము. కాని ఆ పిల్లలు సంకరములు. శుద్ధమైన రంగును నిలుపుకొనదలచినవారు ఈ పని చేయరాదు.

పుంజుల తెలుపుమీద ఎండ పడి గడ్డిరంగు తేలుటయు కలదు. ఎండవలన వచ్చిన పసుపును బీజదోషముగా భావించి పక్షిని వదలుకొనరాదు. నీడపట్టున ఉంచినచో తరువాతి ఈకలు తెల్లగా రావచ్చును.

రంగును కన్ను చూచును. స్వభావమును చూచుటకు కాలము కావలెను. బ్రహ్మకోడి సాధువు, నిదానము కలది, ఎగురుటకు బద్ధకించునది యని లోకమున ప్రతీతి. నడుము ఎత్తు కంచెయే దానిని ఆపును. ఐనను ఈ సాధుత్వము గుడ్డులోనుండి పూర్తిగా తయారై వచ్చునది కాదు. డగ్లస్ స్పాల్డింగు అను ఆంగ్ల పరిశీలకుడు 1873లో ప్రకటించిన ప్రయోగములు ఇచ్చట తలపదగినవి. అతడు కోడిపిల్లల కన్నులు తెఱచుకొనకముందే చిన్న ముసుగులు తొడిగెను. తొలి దినములలోనే ముసుగు తీసిన పిల్లలు కదలుచున్న మనిషి వెంట తల్లివెంట పోయినట్లు పోయినవి. దాదాపు నాలుగు దినములు ముసుగులోనుంచి తీసిన పిల్లలు మాత్రము అతనిని చూచినంతనే బెదరి దూరముగా పరుగెత్తినవి. పిల్ల మనస్సునకు తలుపు తెఱచియుండు గడువు ఎంత స్వల్పమో దీనివలన తెలియుచున్నది.

కావున మచ్చిక చేయదలచినవారు మొదటి మూడు దినములను జారవిడువరాదు. పూటకు ఐదు నిమిషములు చాలును. చేతిని పైనుండి దింపరాదు. తలపై నుండి దిగు నీడ ఆ పిల్లకు గ్రద్దయే. అరచేతిలో కొన్ని నూకలుంచి, నేలకు ఆనించి, ప్రక్కనుండి మెల్లగా చాపవలెను. మొదట వచ్చునది ఏది, అందఱి వెనుక నక్కునది ఏది, వచ్చి చేతిని పొడిచి పాఱిపోవునది ఏది, ఇవన్నియు కాలికి రంగుదారము కట్టి ఒక పుస్తకమున వ్రాసికొన్నచో మాసములు గడచిన పిమ్మట ఎంతయో ఉపయోగము. దారము బిగియకుండ వారమునకొకసారి మార్చవలెనని వేఱుగ చెప్పవలెనా? పిరికితనము కొలుచుటకు పరిశీలకులు వాడు పద్ధతి యొకటి సులభమైనదే: పిల్లను మెల్లగా వెల్లకిలగా పరుండబెట్టి చేయి తీసినచో అది కొంతసేపు కొయ్యబాఱినట్లు పడియుండును. ఎంత ఎక్కువసేపు పడియుండిన అంత భయస్థురాలని లెక్క. పిల్లలున్న యిండ్లలో దీనిని ఆటగా చేయనీయరాదు. అది పక్షికి నిజముగా భయమే.

రెండు మూడు వారములకు పిల్లలు ఎదురెదురుగా మెడలు నిక్కించి ఎగిరి రొమ్ములు తాకించుకొనును. ఇది పోరాటము కాదు, పోరాటపు టాట. మన అసీలు పిల్లలలో ఇదే వయసున ఆట నెత్తుటివఱకు పోవుట కలదు. బ్రహ్మలలో మిక్కిలి అరుదు. తరువాత మెల్లగా ఎవరు ముందు, ఎవరు వెనుక అను వరుస ఏర్పడును. నార్వే దేశీయుడు ష్యెల్డెరప్ ఎబ్బె చిన్నతనమునుండి కోళ్ళను గమనించి, 1921, 1922 సంవత్సరములలో ఈ పొడుపు వరుసను లోకమునకు తెలిపెను. మొదటిది అందఱిని పొడుచును; కడపటిది అందఱిచేత పొడిపించుకొనును. వరుస కుదిరినంతనే కలహములు తగ్గును. మనము మాటిమాటికి క్రొత్త పిల్లలను తెచ్చి కలుపుచున్నచో అది ఎన్నటికిని కుదరదు. పెంపకందారులు ‘ఈ జాతి కూడ పోట్లాడునే’ యని నిందించు సందర్భములలో పెక్కింటికి కారణమిదియే.

రెండవ మాసపు పిఱికిది అయిదవ మాసమునకు మిక్కిలి నిబ్బరము గలదిగా మాఱుట మేము గమనించియున్నాము. దీనికి వ్యతిరేకముగా, ఒడిలో పెరిగిన ముద్దుల పుంజు అయిదాఱు మాసములకు రక్తము పొంగి యజమాని కాలిమీదికి రెక్క దించి ప్రక్కగా అడుగులు వేయుచు వచ్చుటయు కలదు. మనిషియన్న భయమేమాత్రమును లేనందున అది మనలను మఱియొక పుంజుగా లెక్కించుచున్నది. తన్నరాదు, వెనుకంజ వేయరాదు. నిశ్శబ్దముగా ఎత్తి చంకనుంచుకొని, అది కదలిక మానువఱకు నడచుచుండవలెను. బ్రహ్మలలో పెక్కు పుంజులు కొన్ని వారములలో సర్దుకొనును. సర్దుకొననిది రంగున ఎంత మేలైనను సంతతికి ఉంచరాదని మా దృఢాభిప్రాయము. చిన్నపిల్లలు తిరుగు పెరటిలో అయిదు కిలోల పుంజు కాలిముల్లు వేళాకోళము కాదు.

అందుచేత తుది యెంపికను అయిదవ మాసము నిండకముందు చేయరాదు. మేతకై కొంత వ్యయమగును, నిజమే. మూడవ మాసముననే తీయదగినవి వంకరముక్కు, వంకరవ్రేళ్ళు, ఈకలులేని కాళ్ళు కలవి మాత్రమే.

తక్కిన జాగ్రత్తలు క్లుప్తముగా: కొక్కెర తెగులునకు మొదటి వారముననే కంటిలో చుక్కల టీకా వేయింపవలెను, తరువాతి మోతాదులు పశువైద్యుడు చెప్పినట్లు. ఇది చలిదేశమునకు ఒదిగిన పక్షి. మన రోహిణికార్తెలో దట్టమైన నీడ, చల్లని నీరు లేనిదే బ్రతుకదు. కూర్చుండు దూలము అడుగెత్తునకు మించరాదు. బరువైన పక్షి ఎత్తునుండి దుమికిన పాదము వాచును. వానలలో కాలి ఈకలకు బురద ఉండలు కట్టును. వాటిని గోరువెచ్చని నీట నానబెట్టి తీయవలెను గాని లాగరాదు. ఆ ఈకల చాటున పొలుసుల క్రింద సన్నని పురుగులు చేరి కాలు గరుకుగా మాఱుటయు కలదు గనుక మాసమునకొకసారి విప్పి చూడవలెను.

ఆఱేడు మాసములకు పెట్ట ముఖము ఎఱ్ఱబడును; మనము చేయి చాపగానే వంగి రెక్కలు సడలించును. గోధుమవన్నె మొదటి గుడ్డు రానున్నదని దీని యర్థము. గుడ్లు సాగినకొలది కాళ్ళ పసుపు వెలియును. ఆ రంగు సొనలోనికి పోవుచున్నది, దిగులుపడ నక్కరలేదు. ఇవి పొదుగునకు ఇష్టముతో కూర్చుండును. కాని తొలిచూలు పొదుగున తన బరువు తనకే తెలియక ఒకటి రెండు గుడ్లు నలుపుట కలదు. దానికై లోతు గంప పనికిరాదు. వెడల్పుగా, పల్లముగా నుండి, నేలమట్టముననుండియే నడచి లోనికి పోదగిన గూడు కావలెను. అడుగున వరిగడ్డి మందముగా పఱచవలెను.